అర్థం చేసుకోవడం నిషేధం

ఎంబీఏ పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం వచ్చి తీరాలో ఒక కాగితం మీద ముందే రాసిపెడతారు. దాని పేరు లెర్నింగ్ అవుట్‌కమ్స్. “నిరంతరం మారుతున్న ప్రపంచ వాణిజ్య వాతావరణంలో సంక్లిష్ట సమస్యలను విమర్శనాత్మకంగా మూల్యాంకనం చేయగలడు.” ఇదీ వరస. ఇంతటి ఘనుడు ఇంటర్వ్యూ గది బయట టై సర్దుకుంటూ ఎందుకు వణుకుతుంటాడో మాత్రం ఆ కాగితంలో ఉండదు.

ఆ కాగితం తయారుచేసే కమిటీలో ఒకసారి నన్నూ కూర్చోబెట్టారు. అమాయకంగా ఒక వాక్యం రాసుకెళ్లాను: “విద్యార్థికి బ్యాలెన్స్ షీట్ అర్థమవుతుంది.” గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో చనిపోయారేమో అనుకున్నాను. ‘అర్థమవడం’ వాడకూడదట. దాన్ని కొలవలేమట.

దీనికంతటికీ మూలపురుషుడు బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త. 1956లో ఆయనా సహచరులూ కలిసి చదువుకి ఆరు మెట్లు కట్టారు. 2001లో వాటిని సవరించినవాళ్లు రెండో మెట్టుకి పెట్టిన పేరే ‘అర్థం చేసుకోవడం’. ఆ మాట అన్నాను. “అది కింది మెట్టు సార్, మనది మాస్టర్స్” అన్నారు.

సరే, క్రియాపదం కోసం వేట మొదలైంది. ‘గుర్తించగలడు’ మరీ చిన్నతనం. ‘వివరించగలడు’ డిగ్రీవాళ్లది. ‘విశ్లేషించగలడు’ బాగానే ఉంది కానీ మార్కెటింగువాళ్లు అప్పటికే నాలుగుసార్లు వాడేసుకున్నారు, ఇంకొకటి ఇవ్వడం కుదరదన్నారు. రెండో టీ అయ్యాక ఒక పెద్దాయన కళ్లు మెరిశాయి. “‘సృష్టించగలడు’ అందాం. అన్నిటికన్నా పైమెట్టు!” బ్యాలెన్స్ షీటుని సృష్టించడం! అయ్యా, ఆ పని ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీలో దొంగలెక్కలు రాసి చేసి చూపించారు, సరిగ్గా ఆ 2001లోనే కంపెనీ దివాలా తీసింది, దాని సీఈఓగా చేసి జైలుకెళ్లిన జెఫ్రీ స్కిల్లింగ్ హార్వర్డ్ ఎంబీఏయే అని మనవి చేసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మినిట్స్‌లో మాత్రం ‘నైతిక విలువలపై చర్చ జరిగింది’ అని రాసుకున్నారు. దాంతో ఆ అవుట్‌కమ్‌కీ టిక్కు పడింది.

టిక్కులంటే గుర్తొచ్చింది, నాయకత్వ లక్షణాలు. అవి గ్రూప్ ప్రాజెక్టులో వస్తాయి. ఐదుగురిలో ఒకడు రాత్రంతా కూర్చుని స్లైడ్లు చేస్తాడు, మిగతా నలుగురూ పేర్లు పెట్టుకుంటారు. ఆ నలుగురికీ నాయకత్వం వచ్చినట్టే లెక్క. పని వేరేవాడి చేత చేయించారు కదా మరి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. చివరి సెమిస్టర్లో ఒక కుర్రాడు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి గొంతు తగ్గించి అడిగాడు: “సార్, కంపెనీకి లాభం వచ్చిందంటున్నారు. మరి జీతాలివ్వడానికి డబ్బెందుకు లేదు?” సిగ్గుపడుతూ అడిగాడు. సిగ్గుపడాల్సింది వాడా? రెండేళ్లు వాడిచేత అప్పుచేయించి ఫీజు కట్టించుకున్నాం. ‘విమర్శనాత్మకంగా మూల్యాంకనం’ అని వాడి పేరు మీద టిక్కులు పెట్టాం. వ్యాపారం చదివేవాడికి మొట్టమొదట రావాల్సిన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పే తీరిక మాలో ఒక్కడికీ లేకపోయింది. ఎందుకంటే మేమంతా గళ్లు నింపుతున్నాం! పాఠం చెప్పామా లేదా అని అడిగే నాథుడు లేడు, పాఠం చెప్పినట్టు పట్టిక ఉంటే చాలు. దీన్ని నాణ్యత అంటున్నారు. నేను మోసం అంటాను.

ఒక తెల్లకాగితం తీశాను. సరుకు అప్పుమీద అమ్మావు, లాభం పుస్తకంలో ఈరోజే పడింది, కొన్నవాడు డబ్బిచ్చేది మూడు నెలల తర్వాత. ఈలోపు ఒకటో తారీఖు వచ్చేసింది. ఇప్పుడు చెప్పు. కాసేపు కాగితంకేసి చూసి, పెన్ను నా చేతిలోంచి లాక్కుని తనే రెండో నెల లెక్క వేశాడు. “ఓహో... అర్థమైంది సార్!”

ఆ రోజు కమిటీకి అరగంట ఆలస్యమయ్యాను. ఎక్కడికెళ్లారని నిలదీశారు. “ఒక విద్యార్థి చేత నగదు ప్రవాహాన్ని విమర్శనాత్మకంగా మూల్యాంకనం చేయిస్తున్నాను” అన్నాను. వెంటనే కుర్చీ చూపించి, టీ తెప్పించారు.