ఎంఎంటీఎస్‌ను జనం నుంచి కాపాడుకుందాం

హైదరాబాద్ లోకల్ రైళ్లు, అదే ఎంఎంటీఎస్ రైళ్లు పెంచాలి, టైముకి నడపాలి అని ఊళ్లో కొందరు ఊరికే గోల చేస్తున్నారు. ఇది మంచి లక్షణం కాదు. ఇవాళ టైముకి రమ్మంటారు, రేపు పది నిమిషాలకొకటి కావాలంటారు, ఎల్లుండి జనం నిజంగానే ఎక్కేస్తారు. అప్పుడు ఆ రద్దీకి ఎవరు జవాబు చెప్పాలి?

2003 ఆగస్టులో పుట్టినప్పటి నుంచీ ఈ రైలుకి వినయం ఎక్కువ. దూరప్రాంత రైళ్లు పోయే పట్టాల మీదే పోవాలి కాబట్టి, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే సిగ్నల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడుతుంది. సాయంత్రం బేగంపేట ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి చూడండి, అందరూ మెడలు సాచి ఒకే వైపు చూస్తుంటారు.

"అన్నా, లింగంపల్లిది పోయిందా?"

"ఏది, ఆరున్నరదా, ఏడుదా?"

మాట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చే బండి ఏ బండి ఆలస్యమో తేల్చగలిగే మేధావి ఇంకా పుట్టలేదు. ఒకప్పుడు ఆదివారాలు సర్వీసులు రద్దు చేసేవారు, ఆ రద్దు ప్రకటన మాత్రం ఠంచనుగా వచ్చేది.

టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. ఈ రోజుల్లో ఐదు రూపాయలకి ఇరానీ చాయ్ కూడా రాదు, కాబట్టి నోరెత్తకూడదు. హైటెక్‌సిటీ స్టేషన్‌లో దిగి బయటికొస్తే ఆఫీసు దాకా ఆటో ఆయన చెప్పే రేటు వేరే సంగతి, దాన్ని రైలు ఖాతాలో వేయడం అన్యాయం.

ఇక రెండో దశ. ఖర్చులో రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. 2012-13లో మంజూరైతే మేడ్చల్, ఉందానగర్ వైపు రైలు కదిలింది 2023 ఏప్రిల్‌లో, మౌలాలి-సనత్‌నగర్ మార్గం తెరిచింది 2024 మార్చిలో. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలు ఈలోగా హైస్కూలుకి వచ్చేశారు. మధ్యలో వాటా డబ్బుల పంచాయితీ నడిచింది చూడండి, రైలు కూడా అంత క్రమం తప్పకుండా ఎప్పుడూ నడవలేదు.

ఈ సంస్కారాన్ని పాడు చేసింది 2017లో వచ్చిన మెట్రోనే. కొన్ని నిమిషాల్లో ఇంకోటి వస్తుందన్న ధీమా అలవాటు చేసి, నగరవాసుల ఓపికని నాశనం చేసింది.

కాబట్టి అధికారులకు నా మనవి: ఈ డిమాండ్లకి లొంగకండి. మరీ ఒత్తిడి వస్తే ఓ కమిటీ వేయండి, సభ్యులందరినీ మీటింగులకి ఎంఎంటీఎస్‌లోనే రమ్మనండి. కోరం కుదిరితే కదా రిపోర్టు వచ్చేది.