ముక్కు పురుగు ఫోటో చూసి జాతి పేరు ఖాయం చేయకండి

బియ్యం డబ్బాలో పురుగు కనిపిస్తే ఫోటో తీయడం, యాప్ చెప్పిన పేరే ఖాయం చేసేయడం. ఇది చూస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

మా నెల్లూరు వైపు వడ్లూ బియ్యమూ లేని ఇల్లు లేదు కాబట్టి ముక్కు పురుగు అందరికీ తెలిసిందే. అందులో అచ్చం ఒకేలా ఉండే రెండు జాతులున్నాయన్నది మాత్రం చాలామందికి తెలియదు: సైటోఫిలస్ ఒరైజే, సైటోఫిలస్ జియామైస్. ఒకదాన్ని బియ్యం పురుగు, రెండోదాన్ని మొక్కజొన్న పురుగు అంటారు గానీ రెండూ రెండింటినీ తింటాయి. ఎందులో దొరికిందో చూసి జాతి చెప్పడానికి లేదు. రెండింటికీ వీపు మీద నాలుగు నారింజ రంగు మచ్చలే. జియామైస్ కాస్త పెద్దదంటారు, కానీ చిన్న గింజలో పెరిగితే అదీ చిన్నదే అవుతుంది. తేల్చాలంటే మగ పురుగు పొట్ట విప్పి జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. దాని పైభాగం నున్నగా ఉంటే ఒరైజే, పొడవునా రెండు గాడులుంటే జియామైస్. మరి డబ్బా పక్కన తీసిన ఫోటోలో అది ఎక్కడ కనిపిస్తుంది?

అలాగని ఫోటో దండగ అనను. తల వెనక పెంకు మీద సన్నటి గుంటలుంటాయి. ఈ రెండింటికీ అవి గుండ్రంగా, చల్లటి దేశాల్లో ఎక్కువగా ఉండే మూడో జాతి సైటోఫిలస్ గ్రానేరియస్‌కి కోలగా ఉంటాయి. మంచి క్లోజప్‌లో ఈ తేడా తెలుస్తుంది. ఫ్లాష్ వేస్తే మాత్రం ఆ గుంటలన్నీ తెల్లటి మెరుపులో కలిసిపోతాయి. టిష్యూ పేపర్ అడ్డుపెట్టి పక్క నుంచి వెలుతురు ఇవ్వండి. పైనుంచి ఒక ఫోటో, ముక్కు మొత్తం కనిపించేలా పక్క నుంచి ఇంకొకటి, పక్కన స్కేలు. పురుగు ఒక్కచోట ఉండకపోతే కాసేపు ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుంది.

పత్తి, మామిడి ఆకుల అంచులు కొరికే బూడిద రంగు మిల్లోసెరస్ ముక్కు పురుగులతో ఇంకో చిక్కు. వాటి రంగు ఒంటి మీది పొలుసులది. అవి రాలిపోయాక అదే పురుగు వేరే జాతిలా కనిపిస్తుంది.

ఇంట్లో బియ్యం కాపాడుకోవడానికి ఒరైజేనా జియామైసా అన్నది తేలాల్సిన పనే లేదు. తెలియనప్పుడు రెండింటికీ ఉమ్మడి పేరైన 'సైటోఫిలస్' అని ఆపేయడమే సరైన జవాబు. తప్పు పేరు పెట్టిన ఫోటోలతోనే యాప్ నేర్చుకుంటే, రేపు అదే తప్పు ఇంకొకరికి చెబుతుంది. జాతి నిజంగా కావాలంటే కొన్ని పురుగుల్ని స్పిరిట్ సీసాలో వేసి, ఊరు, తేదీ, ఏ గింజలో దొరికాయో పెన్సిల్‌తో చీటీ రాసి లోపల పెట్టి, కీటక శాస్త్రం తెలిసినవాళ్లకి ఇవ్వండి.