మహారాజశ్రీ కిటికీ గ్రిల్ గారి సముఖానికి

మహారాజశ్రీ పడకగది కిటికీ గ్రిల్ గారికి లోపలివాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మన ఇద్దరి మధ్య దూరం ఒక దోమతెరంత. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే తమరు కదలరు, మెదలరు. తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను కదా.

తమరు మా ఇంటికొచ్చిన రోజు బాగా గుర్తు. వెల్డింగ్ చేస్తుంటే ఒక రవ్వ ఎగిరొచ్చి కర్టెన్ మీద పడింది. బఠాణీ గింజంత కన్నం. మా ఆవిడ చెంబుడు నీళ్లు చల్లింది, అందరం నవ్వుకున్నాం. లావుపాటి చదరపు ఊచలు, నాలుగంగుళాల సందు, ఎక్కడికక్కడ వెల్డింగ్. "ఏనుగొచ్చి లాగినా ఊడదు సార్" అన్నాడు వెల్డరు. ఎంత మురిసిపోయానో! ఏనుగు లాగితేనే ఊడనిది రేపు నేను లోపల్నుంచి తోస్తే ఊడుతుందా అని అడగాలని ఆ పూట తోచలేదు. కర్టెన్‌కి కన్నం ఇప్పటికీ ఉంది.

తమరి ఉద్యోగ నిష్ఠకి వంక పెట్టలేను. ఇన్నేళ్లలో ఒక్క దొంగా రాలేదు. రావాలని ఎవడైనా అనుకున్నాడో లేదో అది వేరే సంగతి, ఆ ఘనత కూడా తమరి ఖాతాలోనే వేస్తున్నాను. తమరికి తెలియనిదల్లా ఒక్కటే, ఏది లోపలో ఏది బయటో. ఆ సందుల్లోంచి పిల్లిపిల్ల దూరుతుంది, దోమ దూరుతుంది, పొగా దూరుతుంది. నేను మాత్రం భుజం దాకా చెయ్యి బయటపెట్టి, ఊరేగింపులో నాయకుడిలా ఊపగలను.

మొన్నొక రాత్రి చిన్న పరీక్ష పెట్టుకున్నాను. పక్క గదిలో తమరి తమ్ముడుగారున్నారు. ఆయనకి మధ్యలో చిన్న తలుపు, ఆ తలుపుకి తాళం కప్ప. ఇల్లు అంటుకుందనుకుని లైట్లన్నీ ఆర్పేసి, కళ్లకి తువ్వాలు కట్టుకుని, నేల మీద పాకడం మొదలుపెట్టాను. పొగ పైకి లేస్తుంది, పీల్చదగ్గ గాలేమైనా మిగిలితే కిందే ఉంటుంది, అందుకని పాకాలి. కుర్చీ కాలు నుదుటికి తగిలింది. కప్ప దొరికింది. తాళంచెవి ఎక్కడ? వీధి తలుపు పక్కన మేకుకి! వీధి తలుపు దాకా పోగలిగినవాణ్ణి కిటికీలోంచి దూకడం ఎందుకు? సరే, పరీక్ష పరీక్షే అని అక్కడిదాకా పాకాను. గుత్తిలో పదకొండు చెవులు. ఎనిమిదోది పట్టింది, కానీ తిరగలేదు. లోపల తుప్పు. అప్పుడు మా ఆవిడ లైటు వేసి, "అర్ధరాత్రి పూట ఇదేం పనండీ?" అంది. గడియారం చూస్తే ఏడు నిమిషాలు దాటింది.

ఏడు నిమిషాలంటే ఎంతో తమరికి తెలియకపోవచ్చు. అమెరికాలో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ రెండు గదులు కట్టి ఒకేలా నిప్పంటించి చూసింది. ఒక దాంట్లో పాతకాలపు కర్ర, దూది సామాన్లు. రెండో దాంట్లో ఇవాళ మనం కొనే ఫోమ్ సోఫాలు, ప్లాస్టిక్ దారంతో నేసిన తెరలు. పాత గది మొత్తం భగ్గుమనడానికి దాదాపు అరగంట పట్టింది. కొత్త గదికి 4 నిమిషాలు కూడా పట్టలేదు. మా గది రెండో రకం. అంటే నేను పదకొండు చెవుల లెక్క తేల్చేలోపు లెక్కపెట్టేవాడే ఉండడు. అసలు మంట దాకా ఎందుకు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. పోనీ పొగ వాసనకి మెలకువ వస్తుందిలే అనుకుందామంటే, మనిషి నిద్రపోతే ముక్కు కూడా నిద్రపోతుంది. లేపేది స్మోక్ అలారమే.

మంటల్లో తమరే కరిగిపోయి దారిస్తారని ఆశ పడదామా? ఉక్కు కరగాలంటే సుమారు 1,400 డిగ్రీలు దాటాలి. అప్పటిదాకా నేను ఆగలేను. ఫైరింజను వాళ్లొచ్చి రంపంతో కోస్తారనుకుంటే, అది ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం లాంటిదే.

తమరిని పీకించెయ్యమని ఇంట్లో ఒక ప్రతిపాదన వచ్చింది, నేనే వద్దన్నాను. దొంగ భయం ఉత్తుత్తి భయం కాదు. పై అంతస్తుల్లో పసిపిల్లలు కిటికీల్లోంచి పడిపోయిన ఘోరాలూ ఉన్నాయి. ఆ బాధ చూసి, న్యూయార్క్ నగరంలో 1976లో నిబంధన పెట్టారు, పదేళ్లు లేదా అంతకు తక్కువ వయసు పిల్లలుంటే అపార్ట్‌మెంటు కిటికీలకి కాపుదల ఊచలు బిగించాల్సిందే. కానీ మంటలప్పుడు దిగే మెట్ల వైపు తెరుచుకునే కిటికీని మాత్రం అందులోంచి మినహాయించారు. చూశారా, తమరి బంధువర్గానికే ఎక్కడ నిలబడాలో, ఎక్కడ తప్పుకోవాలో తెలిసిన ఊరొకటుంది.

అమెరికాలో చాలాచోట్ల ఇళ్లకి పాటించే ఐఆర్‌సీ అనే నమూనా నియమావళి ఇంకో అడుగు ముందుకేసింది. పడకగదిలో తప్పించుకునే కిటికీ ఒకటుండాలి. తెరిచాక ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, 5.7 చదరపు అడుగుల వైశాల్యం. (ఆ రెండు కనీసాలూ గుణిస్తే మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు. వెడల్పో ఎత్తో పెంచక తప్పదు. నేను కాగితం మీద వేసి చూసుకున్నాను.) కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. గ్రిల్ పెట్టుకోవచ్చు, కానీ తాళంచెవి, పనిముట్టు, ప్రత్యేకమైన తెలివి ఏవీ లేకుండా లోపల్నుంచి తెరుచుకోవాలి. తెలివి అక్కర్లేదన్న మాట నాకు భలే నచ్చింది. అర్ధరాత్రి పొగలో అది నా దగ్గర ఉంటుందన్న హామీ లేదు.

అందుకని ఈ నెలలో తమరికి చిన్న ఆపరేషన్ చేయిస్తున్నాను. ఒక పక్క వెల్డింగ్ కోయించి బందులు, రెండో పక్క లోపలికి ఒక లివరు. కిందికి లాగితే తమరు తలుపులా బయటికి తెరుచుకుంటారు. "అద్దం పగలగొట్టి దొంగే లాగేస్తేనో?" అని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్నే. లివరుని అద్దానికి చేతికందనంత దూరంలో, గోడ మీద పెట్టిస్తున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ, ఎనిమిదేళ్ల మా చిన్నది, నలుగురిలో ఎవరు లాగినా తెరుచుకోవాలన్నది షరతు. మాది కింది అంతస్తు కాబట్టి సరిపోయింది, పైన ఉన్నవాళ్లయితే మడత నిచ్చెన సంగతి కూడా చూసుకోవాలి.

తమ్ముడుగారి ఆపరేషన్ నిన్ననే అయింది. తాళం కప్పకి సెలవు. అమ్మని మంచం మీద పడుకోబెట్టి, లైటు తీసేసి, "నిప్పు!" అని అరిచాను. లేచి, గోడ తడుముకుంటూ వెళ్లి, లివరు లాగి తెరిచేసింది. పదిహేను సెకన్లు. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్లూ దీనికి తాళం వేసిందెవర్రా?" అని అడిగింది. నేను తమరి పేరు చెప్పాను. క్షమించాలి.

ఇట్లు,
తమరి లోపలివాడు

తా.క.: వచ్చే వారం పెయింటర్లు వస్తున్నారు. పోయినసారి వాళ్లు కిటికీ గడియల మీద కూడా రెండు కోట్లు వేసి వెళ్లారు, సుత్తితో కొడితేగాని ఊడలేదు. తమ్ముడుగారి లివరుకీ బందులకీ ఇప్పుడే పాత పేపరు చుట్టి టేపు వేశాను.