సబ్‌స్క్రిప్షన్ల వల్ల మనకి లాభమేనా? మొదట్లో అవును, ఇప్పుడు కాదు

సబ్‌స్క్రిప్షన్లు వచ్చాక మనకి మేలే జరిగిందని వాదించేవాళ్ళ మాటలో సగం నిజముంది. ముందు అది ఒప్పుకోవాలి. నెలకింతని కడితే లిస్టులో ఉన్న గేములన్నీ ఆడుకోనిచ్చే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ 2017లో మొదలైనప్పుడు అమెరికాలో నెలకి దాదాపు 10 డాలర్లు. పెద్ద గేము ఒక్కటి కొనాలంటే 60 డాలర్లయ్యే రోజులవి. అంటే రెండు గేముల ఖర్చుతో ఏడాదంతా ఆడుకోవచ్చు. చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్ళకి అది పండగే. ఎవరూ కొని ఆడే ధైర్యం చేయని చిన్న చిన్న ఇండీ గేములు (పెద్ద కంపెనీల అండ లేకుండా కొద్దిమంది కలిసి చేసేవి) కూడా ఎందరికో చేరాయి.

తర్వాత ఏమైంది? అందులోనే పై స్థాయి అయిన అల్టిమేట్ ప్లాన్ 2019లో నెలకి 15 డాలర్లు. 2025 అక్టోబర్‌లో ఒక్క దెబ్బకి 20 నుంచి 30కి ఎక్కించారు. ధర పెరగడం ఒక్కటే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు, ధరలు అన్నిటికీ పెరుగుతాయి. కానీ కొనుక్కున్న గేము ధర రేపు పెరిగితే నాకొచ్చే నష్టం లేదు, అది నా దగ్గరే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. నేను సగం ఆడిన గేముకే మళ్ళీ ఎక్కువ కట్టాలి. కట్టకపోతే సేవ్ ఫైల్, అంటే ఎక్కడిదాకా ఆడానో దాచిన ఫైలు, ఉంటుంది, దాన్ని తెరవడానికి గేము ఉండదు. ఒక్కోసారి కడుతూనే ఉన్నా గేము లిస్టులోంచి వెళ్ళిపోతుంది. నెలల తరబడి పెంచుకున్న క్యారెక్టర్, సగంలో ఆగిన కథ, అన్నీ అక్కడే ఆగిపోతాయి. కావాలంటే కొనుక్కోండి, సబ్‌స్క్రైబర్లకి డిస్కౌంట్ ఉంది అంటారు. ఇన్నాళ్ళూ కట్టిన డబ్బు సంగతేంటి మరి?

ఓటీటీల తీరూ ఇదే. 2024 జనవరిలో అమెజాన్ ప్రైమ్ వీడియో అమెరికాలో యాడ్స్ మొదలుపెట్టింది. వద్దనుకుంటే నెలకి ఇంకో 3 డాలర్లు కట్టమంది. ఏడాదికి ముందే డబ్బు కట్టేసినవాళ్ళకీ అదే మాట. డబ్బు తీసుకున్న తర్వాత, గడువు పూర్తవకుండానే ఇస్తామన్నది మార్చేయడం ఏ వ్యాపారంలో ఒప్పుకుంటాం?

ఇక బయటపడటం. నేను ఈమధ్య ఒక సర్వీసు ఆపేద్దామని చూశాను. చేరడానికి ఒక్క బటన్ నొక్కితే సరిపోయింది. ఆపడానికి సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో మెంబర్‌షిప్, అందులో అడుగున చిన్న అక్షరాల్లో ఒక లింకు. అది నొక్కితే "ఎందుకు వెళ్తున్నారు?" తర్వాత "ఇవన్నీ కోల్పోతారు" అని ఇంకో పేజీ. ప్రతి పేజీలోనూ ఉండిపోవడానికి పెద్ద రంగుల బటన్, వెళ్ళిపోవడానికి కనీకనిపించని బూడిద రంగు అక్షరాలు. ఓపిక లేక వదిలేసేవాళ్ళ దగ్గర్నుంచి నెలనెలా ఆటోపేలో డబ్బు పోతూనే ఉంటుంది. చేరినంత సులువుగా ఆపేసే వీలుండాలని అమెరికాలో 2024లో ఒక రూల్ తెచ్చారు. అమల్లోకి పూర్తిగా రాకముందే 2025 జూలైలో కోర్టు కొట్టేసింది. నాకు చాలా బాధనిపించిన విషయమిది.

"నచ్చకపోతే మానేయొచ్చుగా, బలవంతమేముంది?" అని అడుగుతారు. మానేసి ఎక్కడికి వెళ్ళాలి? 2022 నవంబర్‌లో డిస్నీ ప్లస్‌లో 'విల్లో' అనే సిరీస్ వచ్చింది. 2023 మేలో దాన్ని వాళ్ళే తీసేశారు. డిస్కు కూడా రాలేదు. డబ్బు పట్టుకుని నిలబడ్డా కొనుక్కునే దారి లేదు. దానికోసం పనిచేసిన నటులు, సెట్లు వేసినవాళ్ళు, ఎడిటర్లు తమ పని ఇదీ అని చూపించుకోవడానికి కూడా లేకుండా పోయింది.

కొన్నవాళ్ళకైనా భద్రత ఉందా అంటే అదీ లేదు. 'ది క్రూ' అనే కార్ రేసింగ్ గేమును యుబిసాఫ్ట్ అనే గేముల కంపెనీ 2014లో అమ్మకానికి తెచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకోవడానికి కూడా సర్వర్ కావాల్సిందే కాబట్టి డిస్కు కొన్నవాళ్ళ చేతిలో ప్లాస్టిక్ ముక్క మిగిలింది. ఆ కోపంలోంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. యూరప్‌లో వాళ్ళ పిటిషన్‌కి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కట్టిన గడువు అయ్యేదాకా ప్లాన్ మార్చకూడదు. ఒక్క బటన్‌తో ఆపేసే వీలుండాలి. తీసేసే ప్రతి సిరీసునీ, ప్రతి గేమునీ కొనుక్కుని దాచుకునే దారి ఒకటి ఉంచాలి. సర్వర్ ఆపేసే ముందు ఆఫ్‌లైన్‌లో ఆడుకునేలా గేమును మార్చే ఒక ప్యాచ్ (చిన్న అప్‌డేట్) ఇవ్వాలి.