నేటివ్ వీలాన్‌ను ఎవరూ పట్టించుకోకపోతే ఎలా?

నెల్లూరు ఆసుపత్రుల్లో, ఒంగోలు ఇంజనీరింగ్ కాలేజీల్లో, చీమకుర్తి గ్రానైట్ కంపెనీల్లో ఇప్పుడు చిన్నదో పెద్దదో సర్వర్ రూమ్ ఉంటోంది. బిల్లింగ్, సీసీ కెమెరాల రికార్డింగ్, బయటివాళ్ల వైఫై అన్నీ అవే స్విచ్‌ల (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ పెట్టెల) మీదుగా పోతాయి. వాటిని విడదీసి ఉంచేది వీలాన్‌లే, అంటే అవే స్విచ్‌లలో నంబర్లతో వేరు చేసిన నెట్‌వర్కులే. అలాంటి పనిని స్విచ్‌తో వచ్చిన సెట్టింగులకు వదిలేయడం తప్పని గట్టిగా చెప్పాలి.

చాలా వీలాన్‌లను ఒకే కేబుల్ మీద మోసే పోర్టు ట్రంక్ పోర్టు. అందులో నేటివ్ అనే ఒక్క వీలాన్‌ది తప్ప మిగతా ప్రతి ఫ్రేముకూ (డేటా ముక్కకూ) వీలాన్ నంబరు ట్యాగ్ ఉంటుంది. ట్యాగ్ లేకుండా వచ్చినదాన్ని స్విచ్ నేటివ్ వీలాన్‌లో వేస్తుంది. సిస్కో కంపెనీ స్విచ్‌లలో డిఫాల్ట్‌గా అది 1. ఆ నేటివ్ వీలాన్‌లోనే ఉన్న కంప్యూటర్ నుంచి ఎవరైనా రెండు ట్యాగులతో ఫ్రేము పంపితే, పై ట్యాగ్ నేటివ్‌దే కాబట్టి మొదటి స్విచ్ దాన్ని తీసేస్తుంది, రెండో స్విచ్ లోపలి ట్యాగ్ చూసి వేరే వీలాన్‌లోకి పంపేస్తుంది. జవాబు వెనక్కి రాదు, నిజమే. కానీ హాని చేయడానికి జవాబు అక్కర్లేదు. అందుకే స్విచ్‌ల మధ్య ట్రంకులకు ఎవరూ వాడని నంబరును నేటివ్‌గా పెట్టాలి, రెండు వైపులా ఒకటే ఉండాలి.

సర్వర్ పోర్టుల దగ్గర మాత్రం ఈ రూలు అలాగే నడవదు. ఓఎస్ లేని సర్వర్ పిక్సీ బూట్‌కు (నెట్‌వర్క్ నుంచే బూట్ అయ్యే పద్ధతికి) మామూలుగా ట్యాగ్ లేకుండానే ఐపీ అడుగుతుంది. కాబట్టి ఆ పోర్టులో ఇన్‌స్టలేషన్ నెట్‌వర్కే నేటివ్‌గా ఉండాలి. ఆ పని అయ్యాక మార్చేయడమే మంచిది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. స్విచ్‌లో నేటివ్ 10 అయితే, ఈఎస్‌ఎక్స్‌ఐ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లను నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్) పోర్ట్ గ్రూపులోనూ, అంటే ఆ మెషీన్లను నెట్‌వర్క్‌కు కలిపే సెట్టింగులోనూ, 10 అని రాసేస్తుంటారు. స్విచ్ నుంచి వచ్చేది ట్యాగ్ లేకుండా వస్తుంది, ఆ గ్రూపుకు చేరదు. అక్కడ 0 ఉండాలి.

ట్రంకులో ఏ వీలాన్‌లను రానివ్వాలో చెప్పే అలవ్డ్ లిస్టు సంగతి ఇంకా ముఖ్యం. సిస్కో ట్రంకు డిఫాల్ట్‌గా అన్ని వీలాన్‌లనూ రానిస్తుంది. సర్వర్‌కు కావలసినవే ఉంచాలి. కొత్త వీలాన్ కలిపేటప్పుడు కమాండ్‌లో 'యాడ్' మరిచిపోతే పాత లిస్టంతా చెరిగిపోయి ఆ ఒక్కటే మిగులుతుంది. నడుస్తున్న ఆసుపత్రిలో అదెంత టెన్షనో చెప్పక్కర్లేదు. క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) హోస్టులన్నిటికీ, అంటే ఆ సర్వర్లన్నిటికీ, ఒకే లిస్టు లేకపోతే, వర్చువల్ మెషీన్ ఇంకో హోస్టుకు మారగానే నెట్‌వర్క్ పోతుంది. స్విచ్‌లు పెట్టి వెళ్లిపోయే వెండర్ దగ్గర ఈ లిస్టు పోర్టుల వారీగా రాయించుకున్నాకే బిల్లు పాస్ చేయాలి.