గ్రబ్ గారికి డ్యూయల్ బూట్ ప్రజల అర్జీ

కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్‌ని లేపాలా, లినక్స్‌ని లేపాలా అని మెనూ చూపించి లేపే బూట్‌లోడర్, మహారాజశ్రీ గ్రబ్ గారికి,

ఒకే కంప్యూటర్లో విండోస్‌నీ లినక్స్‌నీ కాపురం పెట్టించినవాళ్లందరి తరఫున నమస్కరించి రాయునదేమనగా: ఉభయకుశలోపరి అనడానికి వీల్లేకుండా ఉంది. విండోస్ క్షేమమే, లినక్స్ క్షేమమే, ఒక్క ఫైలూ పోలేదు. కానీ రెండింటిలో ఏదీ లేవడం లేదు. తమరేమో తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని రాసి మౌనవ్రతం పట్టారు.

తమకేమీ తెలియదని మేం అనడం లేదు. అన్నీ తెలుసు. అడిగేదాకా చెప్పరు, అదీ మా గోడు.

పార్టిషన్లు (డిస్కులో చేసిన భాగాలు) సర్దినప్పుడు జరిగేదే తీసుకోండి. పాత బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) పద్ధతిలో తమరు మూడు చోట్ల ఉంటారు. డిస్కు మొదటి 512 బైట్ల సెక్టర్లో కోడుకి దక్కేది 446 బైట్లు. దాని వెనక ఖాళీ జాగాలో కోర్ ఇమేజ్, అంటే తమ గుండెకాయ. మిగతా పనులు చేసే మాడ్యూళ్లన్నీ లినక్స్ పార్టిషన్లో, బూట్ ఫోల్డర్ కింద. ఎవరో ముందున్న లాజికల్ పార్టిషన్ (5 నుంచి నంబర్లు పడేది) ఒకటి తీసేస్తారు, వెనకవాటి నంబర్లు ఒకటి తగ్గుతాయి, కోర్ ఇమేజ్ మాత్రం పాత నంబరే పట్టుకుని వెతుకుతుంది. దొరక్కపోతే 'నో సచ్ పార్టిషన్'. ఏ పార్టిషన్ అన్న ముక్క ఉండదు. హెల్ప్ అని కొడితే 'అన్‌నోన్ కమాండ్'. ఆపదలో తెరిచే గదికి రెస్క్యూ అని పేరు పెట్టి, అందులో హెల్ప్ లేకుండా చేసిన ఘనత తమది!

ఆ గదిలో పనిచేసేవి నాలుగే: ఎల్ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్. ఉత్త 'సెట్' కొడితే ప్రిఫిక్స్ విలువ బయటపడుతుంది, అంటే తమరు వెతికిన చిరునామా. 'ఎల్ఎస్' కొడితే పార్టిషన్ల జాబితా వస్తుంది. ఒక్కోదానికీ 'ఎల్ఎస్ (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)/' అని, చివరి స్లాష్ మరవకుండా కొట్టి చూడాలి. డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి, అంటే ఇది మొదటి డిస్కులో 5వ నంబరు పార్టిషన్. ఈ ధర్మసూక్ష్మం ఎవరికి తోచిందో గాని! విండోస్ పార్టిషన్ దగ్గర 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అంటారు. అది చూసి డేటా అంతా పోయిందని గుండె బాదుకునేవాళ్లున్నారు. పోలేదు. విండోస్ వాడే ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ చదివే మాడ్యూల్ కోర్ ఇమేజ్‌లో లేదు, అంతే. ఆ మాటా తమరు చెప్పరు.

బూట్ ఫోల్డర్ కనిపించిన పార్టిషన్ పట్టుకుని 'సెట్ రూట్=(హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)', 'సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్', 'ఇన్స్‌మాడ్ నార్మల్', చివరికి 'నార్మల్' కొట్టాలి. బూట్‌కి విడి పార్టిషన్ ఉంటే దారి '/గ్రబ్' మాత్రమే. ఇది ఆ ఒక్కసారికే. లినక్స్ లేచాక 'సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ' కొట్టకపోతే రీస్టార్ట్ చేసినప్పుడు కథ మళ్లీ మొదటికే. డిస్కు పేరే ఇవ్వాలి, వెనక పార్టిషన్ నంబరు తగిలించకూడదు.

రెండు డిస్కులుంటే తమ లీల ఇంకా ఘనం. 2020 జూలైలో, తమలో బయటపడ్డ భద్రతా లోపం బూట్‌హోల్ లోపానికి ప్యాచ్ వచ్చింది. మాడ్యూళ్లు కొత్తవయ్యాయి, అప్‌డేట్ ఒక డిస్కుకి కోర్ ఇమేజ్ రాస్తే, బయోస్ లేపేది ఇంకో డిస్కుని. పాత కోర్, కొత్త మాడ్యూల్ ఎదురుపడి 'సింబల్ గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్' అన్నాయి. వెర్షన్లు కలవలేదని చెబితే సొమ్మేం పోయింది? డెబియన్, ఉబుంటుల్లో 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ' నడిపి, బయోస్ నిజంగా లేపే డిస్కుని ఎంచుకుంటే సరిపోయే గొడవ అది.

2021లో వచ్చిన తమ 2.06 వెర్షన్ నుంచి మెనూలో విండోస్ మాయమవడం మరో ముచ్చట. డిస్కుల్లో ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని ఆపేశారు. రూట్ (సర్వాధికార) హక్కులతో పరాయి పార్టిషన్లు తెరవడం ప్రమాదమన్న కారణం సబబే, కాదనం. కానీ ఆ హెచ్చరిక టెర్మినల్లో నాలుగు లైన్ల మధ్య గొణిగి వెళ్లిపోతే ఎవరు చూస్తారు? '/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్' ఫైల్లో 'గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్' చేర్చి 'అప్‌డేట్-గ్రబ్' నడపాలి. అప్పటికీ రాకపోతే ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ అసలుందో లేదో చూడాలి. విండోస్ లెగసీ (పాత బయోస్) పద్ధతిలో, లినక్స్ యూఈఎఫ్ఐలో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతిలో) ఉంటే మాత్రం ఎన్నిసార్లు నడిపినా తమ మెనూ ఆ గట్టు దాటించదు. లినక్స్ ఏ పద్ధతిలో లేచిందో '/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ' ఫోల్డర్ ఉందా లేదా అన్నదే చెబుతుంది.

అయితే అన్ని పాపాలూ తమ నెత్తినే రుద్దడం న్యాయం కాదు. విండోస్ అప్‌డేట్ తర్వాత యూఈఎఫ్ఐ మెషీన్ నేరుగా విండోస్‌కి వెళ్తే అది చాలాసార్లు ఏది ముందు లేవాలన్న వరస మారడమే. 'ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్' కొడితే ఎంట్రీలు నంబర్లతో కనబడతాయి. అదే కమాండ్‌కి, ఉదాహరణకి '-ఓ 0003,0000' అని తగిలించి, తమ నంబరు ముందు పెడితే చాలు. ఇది చూడకుండా లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచి లేచే లినక్స్), అందులోంచి డిస్కులోని లినక్స్‌లోకి దూరే క్రూట్ అంటూ పరిగెత్తేవాళ్ల తప్పు తమకు అంటగట్టం.

కాబట్టి కోరేది ఒక్కటే. రెస్క్యూ గది తెరిచేటప్పుడే ప్రిఫిక్స్ విలువ ఒక లైనుగా చూపించండి. ఎటూ తమ దగ్గరున్నదే కదా. 446 బైట్లలో చోటు లేదనే సాకు చెల్లదు, రెస్క్యూ ఉండేది కోర్ ఇమేజ్‌లోనని మాకూ తెలుసు.

చిత్తగించవలెను.

ఇట్లు,
డ్యూయల్ బూట్ బాధితులు