ఉమ్మెత్త ఆకులో మోతాదు ఎవరు కొలుస్తారు?

పురుగుల మందు తాగిన రైతును వరంగల్ ఎంజీఎంకు తెస్తే, డాక్టర్లు వెంటనే ఇచ్చే మందుల్లో ముఖ్యమైనది అట్రోపిన్. పరకాల, నర్సంపేట వైపు పత్తి చేల గట్ల మీద మొలిచే ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంటుంది, దానికి తోడు స్కోపోలమైన్ కూడా. అందుకే ఈ మొక్కను ఉత్త పిచ్చిమొక్కగానో, పెద్దలు చెప్పిన దివ్యౌషధంగానో చూడలేం.

మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. జ్ఞాపకం, ధ్యాస చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. అది చేరాల్సిన మస్కారినిక్ గ్రాహకాలను, అంటే కణాల మీద ఆ కబురు అందుకునే చోట్లను, ఉమ్మెత్తలోని పదార్థాలు ముందే ఆక్రమిస్తాయి. కబురు అందదు. నోరు పిడచకట్టుకుపోతుంది, కనుపాపలు విప్పారుతాయి, చెమట పట్టక ఒళ్లు కాలిపోతుంది. ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతారు, గాలిలో ఏదో ఏరుతుంటారు. గంజాయి తాగినవాడికి తాను మత్తులో ఉన్నానని సాధారణంగా తెలుస్తుంది. ఉమ్మెత్త తిన్నవాడికి ఆ స్పృహే ఉండదు, తేరుకున్నాక చాలావరకు గుర్తూ ఉండదు.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందులది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన దారి. ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను అవి పనిచేయనివ్వవు. ఆ రసాయనం పేరుకుపోయి నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా ద్రవం. అప్పుడు అట్రోపిన్ అడ్డుపడి ఊపిరి నిలబెడుతుంది. డాక్టర్లు గుండె వేగం, ఛాతీ చప్పుడు చూసుకుంటూ మిల్లీగ్రాముల లెక్కన మోతాదు పెంచుతారు. అంత జాగ్రత్త పడ్డా కాస్త ఎక్కువైతే రోగి ఉమ్మెత్త తిన్నవాడిలాగే పలవరిస్తాడు.

ఆకుకు అలాంటి లెక్క లేదు. మొక్క మొక్కకీ, ఆకుకీ గింజకీ, లేతకీ ముదురుకీ విషం మోతాదు మారుతుంది. కుక్క కరిస్తే ఉమ్మెత్త రసం తాగించే అలవాటు ఇంకా పోకపోవడం నాకు బాధ, కోపం కూడా. ఆ రసం రేబిస్ వైరస్‌ను ఏమీ చేయదు, టీకాకు దొరికే విలువైన సమయాన్ని తినేస్తుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకాకు పరుగెత్తాలి. పల్లె దవాఖానల్లో ఆశా కార్యకర్తలు ఈ మాటను ఇంటింటికీ చేర్చాలి.

పిల్లలు ఉమ్మెత్త కాయ కొరికితే నిమ్మరసం తాగిస్తూ ఇంట్లో కూర్చోవద్దు. మిగిలిన కాయను వెంట తీసుకుని దవాఖానకు వెళ్లండి. ఏం తిన్నారో తెలిస్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది.